నాలుగో గేర్ల ఏడ్వదు

ముందుగాల పట్టుకున్నది కేస్లీ.
కంబాలపల్లి గుట్ట ఎక్కుతుంటే
ఉత్త పాదం గేర్‌బాక్స్ మూత మీద ఆనించి
"బండి ఏడుస్తున్నది" అన్నది.
నేను నవ్విన.
ఇరవై ఎనిమిదేండ్ల జీపు,
ఏడ్వక పాడుతదా?

రెండేండ్ల సీతాఫలాల పైసలు
మల్లేపల్లిల లెక్కపెట్టి ఇచ్చి తెచ్చుకున్న బండి.
అమ్మినోడు నడిపి చూపించిన నాడు
పాలు పొంగినంత చప్పుడు లేదు.
దసరాకు ముందు
దానికింత మంచి జేద్దామని
పాత నూనె తీసేసి కొత్తది పోయించిన.
ఆ పొద్దుటి సంది మొదలైంది.

అడగనోడు లేడు.
పంచరు దుకాణమాయన టైరు తన్ని, చక్రం బేరింగన్నడు.
ఆటో పిలగాడు క్లచ్చన్నడు.
బావ దిష్టన్నడు.
నిమ్మకాయ కట్టిన.
మూడో గేర్ల
నిమ్మకాయ గూడ వణికింది.

దేవరకొండ, డిపో ఎనక రేకుల షెడ్డు.
మదార్ సాబ్ బానెట్ దిక్కే చూడలేదు.
"ఎట్ల మోగుతదో నాకొద్దు.
ఎప్పుడు మోగదు, అది చెప్పు."

నా కాడ జవాబు లేదు.
నాలుగు దినాల సంది చప్పుడునే ఇన్న,
సప్పుడు లేని జాగ ఎక్కడున్నదో ఇనలే.

ఎనక సీట్ల గంపల నడుమ నుంచి కేస్లీ
"నాలుగో గేర్ల ఏడ్వదు" అన్నది.
"క్లచ్చి తొక్కి నిలవడితె గూడ."

అప్పుడు ఆయన నన్ను దాటి
ఆమె దిక్కు చూసిండు.

న్యూట్రల్ల పెట్టి క్లచ్చి ఇడిసిండు: సన్నగ గొణుగుడు.
తొక్కిండు: బంద్.
ఇడిసిండు, తొక్కిండు,
నాడి పట్టినట్టు మూడుసార్లు.
పొడుగు స్క్రూడ్రైవర్ మొన గేర్‌బాక్స్‌కు ఆనించి
పిడిని చెవికి కాదు, పండ్ల నడుమ పెట్టుకున్నడు.
"చెవులు క్రషర్ మిల్లుకు ఇచ్చొచ్చిన.
పండ్లున్నయి గద."
కండ్లు మూసుకుని ఇంచు ఇంచు జరిగిండు.
ఒక్క కాడ ఆయన దవడ ఆగింది.

"కింది షాఫ్టు బేరింగు.
నాలుగోదాంట్ల బరువు మీద నుంచి నేరుగ పోతది,
కిందిది ఊకె తిరుగుతది.
తక్కిన గేర్లల్ల మోసుడంత దానిదే.
మోసేటప్పుడే మొత్తుకుంటది."

కేస్లీ ఏమనలేదు.
తల మీది చుట్టబట్ట సవరించుకున్నది.

బిరడ ఇప్పి నూనె డబ్బాల పట్టిండు.
అయస్కాంతానికి చేప పొలుసుల లెక్క ఇనుము.
అడుగున ఇంకేదో మెత్తగ.
రెండు వేళ్ల నడుమ నలిపి, వాసన చూసి,
నా ముక్కు కాడ పెట్టిండు.

టేకు.
రంపపు పొట్టు.

"అమ్మెటప్పుడు కూరిండ్రు.
పిప్పిపన్నుకు దూది పెట్టినట్టు.
నీ కొత్త నూనె తప్పేం లేదు,
అది నోట్ల గుడ్డ తీసింది, అంతే."

నూనె అమ్మిన పిలగాన్ని
నాలుగు దినాల సంది తిట్టిన తిట్లు యాదికొచ్చినయి.

బేరింగు పట్నం నుంచి రావాలె, మూడు దినాలు.
గంపలల్ల పండ్లు అప్పటికే కండ్లు ఇచ్చినయి,
అవి మూడు దినాలు ఆగయి.
"గుట్ట జోలికి పోకు" అన్నడు మదార్ సాబ్
చేతులు కిరోసిన్ల కడుక్కుంట.
"చదును రోడ్డు. నాలుగోది. మెల్లగ."

పోయినం.
బండి ఏం ఎరగనట్టు, మల్లా పాలు పొంగినట్టు.
కేస్లీ ముందుకొచ్చి కూసున్నది,
పాదం మూత మీదనే.

మల్లేపల్లి మొగదల స్పీడు బ్రేకరు.
పక్కనే హోటల్,
బెంచి మీద చాయ ఊదుకుంట
బండి అమ్మినోడు.
మూడోదాంట్లకు దించిన.
బజారంత తల తిప్పి చూసింది,
వాడొక్కడు
గ్లాసుల ఏదో పడ్డట్టు వంగి చూస్తున్నడు.

నేను దాటిపోదామని కాలు నొక్కబోతుంటే
కేస్లీ నా చెయ్యి మీద చెయ్యేసింది.

"రెండోదాంట్ల వెయ్."